నేఁతమాటలు – నిఘంటువులు

తర్కశాస్త్రము నారంభించిన బాలునకు మొట్టమొదటఁ జెవినిఁ బడు మాటలు రెండు: ఘటము, పటము. మొదటిది కుమ్మరిసారెమీఁదఁ బుట్టినది. రెండవది సాలెమగ్గముమీఁదఁ బుట్టినది. పటమునకు సమవాయికారణ మేమని యడిగినఁ దంతువు లందుము; అసమవాయికారణ మేమని యడిగినఁ దంతుసంయోగ మందుము; నిమిత్తకారణ మేమనినఁ దురీవేమాదులని వల్లించి ముందునకు సాగుదుము. అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును జదివినవారిలో నీ పాఠము నోటికి రానివాఁ డుండఁడు. కాని తురి యెయ్యది, వేమ యెయ్యది యని యడిగి మగ్గముకడకుఁ దీసికొనిపోయినచో వ్రేలుపెట్టి చూపఁగలవాఁడు పదుగురిలో నొక్కఁడైన నుండునా యని నా సందేహము. ఇది యూరక పుట్టిన సందేహము గాదు. న్యాయమునఁ జక్కని పరిశ్రమ గల యొక విద్యార్థి వేమ యనఁగా నూలు వడకు కదురని నాతోఁ దడువుకొనక చెప్పెను. అతని గురువు నడిగిన మఱియొక యుత్తరము వచ్చియుండునని నే ననుకొనను.

నిఘంటువులఁ జూచినను సంశయము తీఱదు. అమరసింహుఁడు వేమను వాయదండ మనెను. వాయదండ మనఁగా నేఁతకోల. ఏ కోల? గుంటమగ్గమునఁ గోలలు పెక్కులు. నేసిన బట్టను జుట్టుకొను దోనెయుఁ గోలయే. పడుగును బిగఁబట్టి నిలుపునదియుఁ గోలయే. కొంద ఱీ చిక్కెందులకని వేమ యనఁగా మగ్గమే యనిరి. తురి విషయమున భేద మింకను నెక్కువ. ఒకరు నాడె యనిరి, ఒకరు పడుగును దువ్వు కుంచె యనిరి. నాడె పేకనూలు గల కండెను గడుపునఁ బెట్టుకొని పడుగుసందునఁ బరువెత్తునది. కుంచె, పడుగు మగ్గ మెక్కకమునుపే, తెల్లవాఱుజామున వీధిలోఁ బడుగు సాఁచి గంజి పెట్టునపుడు వాడునది. ఒకటి నేఁతలోనిది, ఒకటి నేఁతకు ముందుది. రెంటికిని బోలికయే లేదు.

ఇందువలన శాస్త్రమునకు వచ్చిన హాని యేమి, దృష్టాంతము దృష్టాంతమే కదా యని సమాధానము చెప్పువారు గలరు. హాని కలదనియే నా మతము. కార్యమునకు ముందుండిన వన్నియుఁ గారణములు గావు. కుమ్మరికి మన్ను మోసిన గాడిద ఘటమునకుఁ గారణము గాదు, అది యన్యథాసిద్ధ మని నైయాయికులే చెప్పుదురు. తురి యనఁగాఁ గుంచె యగునేని, మగ్గమున కెక్కకమునుపే పని ముగించుకొని తొలఁగిపోవు నా కుంచె పటమునకుఁ గారణమా, గాడిదవలె నన్యథాసిద్ధమా యను ప్రశ్న యవశ్యము పుట్టును. దీనికి సమాధానము నేను జదివిన వ్యాఖ్యానములలోఁ గానరాలేదు. నేఁతగానికడ నున్నది. గంజి పెట్టి దువ్వని యొంటిపోగు పడుగు అచ్చురాపిడికిఁ దాళక తెగుననియు, తెగిన పోగుల నతుకుచుఁ గూర్చున్న బట్ట తెగదనియు నతఁడు చెప్పును. కావునఁ గుంచె గాడిదవంటిది గాదు. ఈ చిన్న నిర్ణయమునకైనను మనము మగ్గపుగుంటకడఁ గూర్చుండవలసినదే.

పూర్వు లిట్టివారు గారు. పాణిని, అప్పుడే మగ్గమునుండి దింపిన బట్టను జెప్పుటకుఁ దంత్రశబ్దముమీఁదఁ గన్‌ప్రత్యయమును విధించి తంత్రకమను రూపమును సాధించెను (5-2-70). అంతటితోఁ దృప్తి చెందక, అయిదవ యధ్యాయము తుదిని (5-4-160) నిష్ప్రవాణి యను రూపమును నిపాతనమునఁ జూపెను. ప్రవాణి యనఁగా నేఁతగాని శలాక; అది వెలువడిపోయిన పటము, అనఁగాఁ గ్రొత్తబట్ట, నిష్ప్రవాణి. చూడుఁడు. ఒక్క క్రొత్తబట్టకుఁ బాణిని రెండు సూత్రములు వెచ్చించెను. అర్ధమాత్రాలాఘవమును బుత్రోత్సవముగా భావించు సంప్రదాయమున నిది తక్కువ వ్యయము గాదు. ఎందులకు వెచ్చించెను? జనులా మాటల నాడుచుండిరి గావున. మన యిండ్లలోఁ గోరాబట్ట యన్నట్లే వా రా దినములలోఁ దంత్రక మనియు నిష్ప్రవాణి యనియు ననుచుండిరి. ఆ యాచార్యుఁడు వీధిలో నిలిచి వినెను. తరువాతి కాలమున నమరసింహుఁడు రెంటిని నొక్కచోఁ గూర్చి క్రొత్తబట్టకుఁ బర్యాయములుగాఁ జెప్పెను. కూర్పు మంచిదే; కాని మగ్గమునుండి దింపుటయందుఁ దంత్రకము, శలాక వెలువడుటయందు నిష్ప్రవాణి పుట్టెనన్న భేద మప్పటినుండి మఱుఁగుపడెను. మన నిఘంటుకారుల వ్యాధి యచ్చటనే మొదలైనదని నా యూహ.

పతంజలికి మగ్గముతో మఱింత చనువు. సంప్రసారణసంజ్ఞను విచారించుచు (1-1-45) నాతఁడు తెచ్చిన యుదాహరణము ప్రసిద్ధము: ఒకఁడు నేఁతగానికడకుఁ బోయి యీ నూలితోఁ జీర నేయుమనును. చీరయే యైనచో నేయఁబనిలేదు. నేయవలసినదే యైనచో నింకను జీర గాదు. నేసినపిదపఁ జీర యనఁబడుదానిని నేయుమని యర్థము చెప్పికొని భావిసంజ్ఞ యని సమర్థించెను. మహాభాష్యము నందలి మిక్కిలి సూక్ష్మమైన ఘట్టములలో నిది యొకటి; దానికి నిలువనీడ యిచ్చినవాఁడు నూలు చేతఁబట్టుకొని నిలుచున్న సామాన్యుఁడు. మఱొకచోట (1-1-48) బ్రాహ్మణగ్రామ మన్నంతమాత్రమున నందు బ్రాహ్మణులే యుందురనుకొనరాదు, తక్కువలోఁ దక్కువ పంచకారుకి యుండునని చెప్పెను. కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, మంగలి, చాకలి యను నీ యయిదుగురు లేనిచో నగ్రహారమైనను నిలువదని దీని తాత్పర్యము. పస్పశాహ్నికమునఁ గుండ కావలసినవాఁడు కుమ్మరియింటికిఁ బోవునుగాని, శబ్దములు కావలసినవాఁడు వైయాకరణునింటికిఁ బోయి శబ్దములఁ జేసి యిమ్మనఁడని యాతఁడు చెప్పినది మనమందఱము నెఱిఁగినదే. శబ్దము లోకమునఁ బుట్టును, వైయాకరణునింటఁ బుట్టదని దాని భావము. కుండను జేసినవాఁడే కుండకు సంబంధించిన మాటలనుగూడఁ జేసెనని నేను దానికిఁ జేర్పుదును.

ఇఁక నాంధ్రమునకు వత్తము. మొదట చేనేఁత యను మాటనే చూతము. విశేషణము సార్థకము గావలెనన్న విశేష్యమునందు దాని సంభవమును, వ్యభిచారమును రెండును నుండవలెనని శాస్త్రమర్యాద. చల్లని యగ్ని యనరాదు, సంభవము లేదు. వేఁడి యగ్ని యనుటయు వ్యర్థము, వ్యభిచారము లేదు. ఈ మర్యాదనుబట్టి చూచినచో నేఁత యంతయుఁ జేతితోనే జరిగినంతకాలము చే యను విశేషణమునకుఁ బని లేదు. నేఁత యన్నఁ జాలును. మిల్లువచ్చి, మరమగ్గము వచ్చి, చేయి లేని నేఁత లోకమున వెలసినపిదపనే చేనేఁత యను సమాసమునకు సార్థకత గలిగెను. కనుక నీ మాట తనలోనే తన ప్రతియోగిని మోసికొని తిరుగుచున్నది. దీనిని బ్రాచీనతకు గుర్తుగాఁ జెప్పి మురియు వ్యాసకర్తలు గమనింపవలసిన దేమనఁగా, ప్రాచీనమైనది నేఁత. చేనేఁత యన్నమాట పోటీనాఁటిది.

మన నిఘంటువులలో నీ వృత్తిపదములకుఁ బట్టిన గతి విచారింపఁదగినది. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము 1885 లో వెలువడెను. ఆంధ్రసాహిత్యపరిషత్తువారి సూర్యరాయాంధ్రనిఘంటువు మొదటి సంపుటము 1936 లో వచ్చెను. ఈ రెండును లేనిదే మావంటివారికి దినము గడవదు. వాని కర్తలయెడ నాకుఁ గల గౌరవము సామాన్యము గాదు. అయినను వానిలోఁ దఱచుగాఁ గానవచ్చు వస్త్రవిశేషము, సాధనవిశేషము, ఒకానొక బట్ట యను నర్థములఁ జూచినప్పుడు నాకు నిరాశ గలుగును. పాల్కురికి సోమనాథుఁడు బసవపురాణమున వస్త్రనామముల నొక పెద్ద పట్టికగాఁ జెప్పెను. వెంజావళి, జయరంజి మొదలుగా నవి సాగును. సోమనాథునికిఁ బేరుపేరున భేదము తెలియును; వినువారికిఁ దెలియును; తెలియనిచో నా పట్టికకు రుచియే లేదు. మనకో, అన్నియు వస్త్రవిశేషములే. అట్లు చెప్పుట యర్థము చెప్పుట గాదు, అర్థము పోయినదని చెప్పుట. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949 లోఁ బ్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకుఁ గావ్యములందలి యిట్టి పట్టికలే యాధారము లయ్యెను. వారు పడిన శ్రమలో సగము, నిఘంటుకారులు విడిచిపెట్టిన పని.

ఈ లోపమునకుఁ గారణ మజ్ఞానము గాదు, ఒక సిద్ధాంతము. కావ్యప్రయోగము గల మాటయే మాట, తక్కినది గ్రామ్యము అను సిద్ధాంతమది. నేనా మార్గమునఁ బెరిగినవాఁడనే. నేఁటికి నీ భాషలోనే వ్రాయుచున్నాను. దానికి నాకుఁ జింత లేదు. కాని గ్రామ్య మనుట రూపమును గూర్చిన తీర్పు. అర్థమును గూర్చిన తీర్పు గాదు. చేస్తాడు అన్నరూపమును విడిచి చేయును అని వ్రాయుట యొక నియమము. పన్ను, పలుపు, నాడె, కండె యనువానికి మాఱుగా వ్రాయుటకు వేఱు రూపమే లేదు. వానిని విడిచినచో వస్తువునే విడిచినట్లు. 1852 లో వెలువడిన తన నిఘంటువున బ్రౌనుదొర వాడుకమాటలకుఁ జోటిచ్చెను. మన పండితులు దానిని దోషముగా నెన్నిరి. తుదకీ పనికిఁ బూనినవారు భాషాశాస్త్రజ్ఞులు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తిపదకోశమును సంకల్పించి, వ్యవసాయపదముల సంపుటమును 1962 లోను, చేనేఁతపదముల సంపుటమును 1971 లోను వెలయించిరి. పదములను గావ్యములనుండి గాక పని చేయువారి నోటినుండి యేఱిరి. ఇది పాణిని మార్గమే. సంప్రదాయజ్ఞుల మనిపించుకొన్న మనము విడిచిన దానిని నవీను లెత్తికొనిరి. ఇంతటి గ్రంథమును మన ప్రాచ్యకళాశాలలలోఁ గావ్యపాఠము చెప్పునప్పుడు తెఱచి చూచువా రెందఱో నాకుఁ దెలియదుగాని, నేను జూచినంతమట్టున నది బీరువాలలో భద్రముగా నున్నది.

మాట యర్థము పోయినచో సామెతయు నశించును. ఏకై వచ్చి మేకై కూర్చున్నాఁడని యందఱు నందురు. ఏకు అనఁగా నేమి? దూదిని శుభ్రపఱచి, విడఁదీసి, మెత్తఁగాఁ జుట్టిన వత్తి. దానినుండి రాట్నముపైఁ బోగు తీయుదురు. శ్రీకాకుళముజిల్లా పొందూరున నేఁటికిని వాలుగచేప దవడయెముకతోఁ బ్రత్తిని దువ్వి, ఏకి, ఏకులు చుట్టి, మిక్కిలి సన్నని నూలు వడకుచున్నారు. గాంధి మెచ్చిన ఖద్దరది. ఆ యేకు నొకమాఱు చేతఁ బట్టినవానికే సామెతలోని సొగసు తెలియును: ఊదిన నెగిరిపోవునంతటి మెత్తనిది, గోడలో దిగఁగొట్టిన మేకయి కూర్చున్నది. ఏ కెఱుఁగని నేఁటి బాలున కది యర్థములేని ప్రాస మాత్రమే. ఆసులోఁ గండెవలెఁ దిరుగుచున్నాఁ డనునదియు నట్లే. పడుగుపేకలు మాట యింకను జిత్రము. పేక యన్న నందఱకుఁ దెలియును, చీట్లాట మూలమున! పడుగుతోఁ గలిసిన పేక యడ్డపోగని చెప్పినపు డొక తరగతియంతయు నవ్విన దినము నాకు జ్ఞాపకమున్నది.

అచ్చు అను శబ్దముపై నొకమాట. వైయాకరణునకు అచ్చు లనఁగాఁ బాణిని ప్రత్యాహారము, స్వరములు. ముద్రాపకునకు అచ్చు సీసపుటక్షరము. నేఁతగానికి అచ్చు పడుగుపోగు లొక్కొక్క సందునఁ బోవుచుండఁగా వానిని వరుస తప్పనీయక, పేకను దట్టి దగ్గఱఁ జేర్చు దువ్వెనవంటి సాధనము. పాతపడుగు ముగిసినపిదప దాని కొనలను అచ్చుననే నిలిపి, క్రొత్తపడుగు కొనల నొక్కొక్కదానిని వానితో మెలిపెట్టి కలుపుదురు. దీనిని అచ్చు అతుకుట యందురు. ఒక్క చీరపన్నాకు వేలకొలఁది పోగులు. పూర్వాంతమునకుఁ బరాదికిఁ గలుగు నీ సంధి తప్పినచో నొక్క పోగు వరుస మాఱును, బట్ట పొడవున గీఁత పడును. సంధికార్యము నింత జాగరూకతతోఁ జేయు పండితులు మనలో నరుదు.

ఆసు అనునది ప్రాంతభేదమున నర్థము మాఱిన మాట. కొన్నిచోట్లఁ బడుగు సిద్ధపఱచు సాధనము. పోచంపల్లి ప్రాంతమున, చిటికి కట్టి రంగు లద్దుటకు ముందుగా నూలును మేకులచుట్టు నర్ధచంద్రాకారముగాఁ జుట్టుట ఆసుపోయుట. ఒక్క చీరకుఁ జేతి నిటు నటు వేలమాఱులు త్రిప్పవలెను, ఈ పని యింటిస్త్రీలది, భుజములు పడిపోవును. తల్లి పడు నీ బాధఁ జూచి యాలేరు ప్రాంతపు చింతకింది మల్లేశముగారు 1999 లో ఆసుయంత్రమును నిర్మించిరి. 2017 లోఁ బ్రభుత్వము వారిని బద్మశ్రీతో గౌరవించెను. ఇప్పుడు ప్రశ్న: ఆసును యంత్రము పోసినచో నా చీర చేనేఁత యగునా, కాదా?

నా సమాధానము పాణినీయమే. క్రియయందు స్వతంత్రుఁడు కర్త. మిక్కిలి సాధకమైనది కరణము. ఆసుయంత్రము కరణమే గాని కర్త గాదు. ఎన్ని చుట్లు, ఏ పోగుకడఁ జిటికి, ఏ రంగు ముందు, ఏది వెనుక యను స్వాతంత్ర్యము నేఁతగానిదే. మరమగ్గమున నట్లు గాదు. అచ్చట మనుష్యుఁడు తెగిన పోగు నతుకుటకు, తీఱిన కండెను మార్చుటకు నిలుచున్నవాఁడు, నడపునది మఱొకటి. చేతిపని యనునది చేయి కదలుటయందు లేదు, చేయి నిర్ణయించుటయందున్నది. చేతిశ్రమను దగ్గించు ప్రతియుపకరణమును గళకు ద్రోహమని నిందించువా రీ భేదము నెఱుఁగరు. వారిలోఁ బలువురి భుజములకు నొప్పి లేదు.

శాసనకర్త లీ నిర్వచనమును వేఱొక మార్గమునఁ జేసిరి. చేమగ్గములకుఁ గొన్ని వస్త్రముల నేఁతను బ్రత్యేకించు చట్టము 1985 నాఁటిది. నేఁడందు 11 రకముల వస్త్రములు గలవు. చేమగ్గ మనఁగా మరమగ్గము గాక యన్యమైన మగ్గమని దాని నిర్వచనము. ఇది పర్యుదాసము. అబ్రాహ్మణునిఁ దెమ్మన్న బ్రాహ్మణభిన్నుఁడును బ్రాహ్మణసదృశుఁడునైన మనుష్యునిఁ దెత్తురేగాని మట్టిబెడ్డను దేరు. అట్లే మరమగ్గము గాని మగ్గము. నిర్వచనముగా దోషము లేదు. కాని పర్యుదాసమునకుఁ బ్రతియోగిజ్ఞానము వలయును. మరమగ్గ మన నెంతవఱకో తేలినఁగాని చేమగ్గ మెంతవఱకో తేలదు. ఈ సందుననే 12వ పంచవర్షప్రణాళికాకాలమున, ఏదే నొక ప్రక్రియ మానవశక్తిచే నడచినను చేమగ్గమే యనునట్లు మార్పవలెనను ప్రతిపాదన తలయెత్తెను. నేఁతగాండ్రును, వారి పక్షమువారును గట్టిగా నెదిరించిరి. ఒక్క పదముయొక్క యర్థము సడలినచో నెందఱి కూడు పోవునో తెలియుటకు నింతకన్న మంచి యుదాహరణము శబ్దశాస్త్రమున దొరకదు. దుకాణములలో మరమగ్గపు బట్టకుఁ జేనేఁత పేరు పెట్టి యమ్ముటయు శబ్దాపరాధమే. వెల మాత్రము కొన్నవాఁడును, నేసినవాఁడును జెల్లింతురు.

ఇంతవఱకుఁ జేతిపనిని బొగడితిని గావున, పొగడ్తకు హద్దును జెప్పవలసియున్నది. గ్రామతక్షుఁడు, కౌటతక్షుఁడు అని పాణిని రెండు సమాసములకు సమాసాంతమును విధించెను (5-4-95). మొదటివాఁ డూరివా రందఱికిని సాధారణుఁడైన వడ్రంగి; రెండవవాఁడు తన కుటిలోఁ దాను బనిచేసికొనుచు నెవరికిని గట్టువడనివాఁడని కాశికాకారుఁడు వివరించెను. ఇరువురిదియుఁ జేతిపనియే, ఉలియు బాడిసయు నొక్కటే. భేదము పనిలో లేదు, సంబంధములో నున్నది. ఈ సూత్రమును నేఁటి మగ్గములకుఁ బట్టించి చూడుఁడు. నూలు సావుకారుది, రంగు సావుకారుది, రూపు సావుకారుది. నేఁతగానికి నేసినంతకుఁ గూలి. మగ్గము తన యింటనే యున్నను నతఁడు కౌటతక్షుఁడు గాఁడు. నేయువాఁడును గర్తయే, నేయించువాఁడును గర్తయే. ప్రయోజకునకుఁ గర్తృసంజ్ఞ నిచ్చియుఁ బాణిని ప్రయోజ్యుని స్వాతంత్ర్యమును దీసివేయలేదు. సావుకారు తీసివేసెను. చేతితో నేసిన బట్ట యని మురిసి కట్టుకొన్నంతమాత్రమున నేసినవాని చేయి స్వతంత్రమైనట్లు గాదు. మన పత్రికలలో వచ్చు చేనేఁతప్రశంసలలో నీ యంశము తఱచుగా లోపించును; వానిలోఁ జీర యుండును, అంచు నుండును, నెమలియు హంసయు నుండును, మనుష్యుఁ డుండఁడు.

స్వాతంత్ర్యము గల నేఁతగాం డ్రెట్టిపని చేయఁగలరో తెలియుటకు దశపురశాసనము చాలును. లాటదేశమునుండి వలసవచ్చిన పట్టునేఁతగాండ్ర శ్రేణి దశపురమున, అనఁగా నేఁటి మందసోరున, క్రీ. శ. 436 లో సూర్యాలయమును గట్టించెను. శిథిలమైనదానిని 473 లో నుద్ధరించి, వత్సభట్టి యను కవిచేత సంస్కృతకావ్యము వ్రాయించి ఱాతఁ జెక్కించెను. అందు వారిలోఁ గొందఱు ధనుర్విద్యయందు, కొందఱు జ్యోతిషమునందు, కొందఱు కథలయందు నేర్పరులైరనియు, తక్కినవారు కులవిద్యయైన పట్టునేఁతయందే నిలిచిరనియు నున్నది. స్త్రీ యెన్ని యలంకారములు దాల్చినను దమ పట్టుజత కట్టక ప్రియునికడకుఁ బోదని తమ సరకును దామే కొనియాడించుకొనిరి. వర్తకపు మాటయే! అయినను నాకది దోషముగాఁ దోఁపదు. కవిని గొలిచి పోషించుట రాజులకే చెల్లునను మన యలవాటు తలంపును వారు చెఱిపిరి. వత్సభట్టి కాళిదాసునకు సరి గాఁడు; ఋతువర్ణనలలో నాతని యనుకరణము స్పష్టము. కాని గుప్తులకాలపు సంస్కృతవాఙ్మయమున నేఁతగాండ్రు విషయముగా మాత్రమే గాక యజమానులుగా నిలిచిన రచన మఱొక్కటి నా కంటఁబడలేదు.

లెక్కలకు వచ్చినచో, 2009–10 చేనేఁతగణనలో దేశమున చేనేఁతపనివారు 43.31 లక్షలు; 2019–20 గణనలో 35.22 లక్షలు. పదియేండ్లలో నెనిమిది లక్షలకుఁ బైగాఁ దగ్గిరి. 1905 ఆగస్టు 7 నాఁటి స్వదేశీయుద్యమమును స్మరించి 2015 నుండి యా దినమును జాతీయచేనేఁతదినముగాఁ జేయుచున్నారు. 2020 లో నఖిలభారత చేనేఁతబోర్డును రద్దు చేసిరి. దినము మిగిలినది.

పండితపరిషత్తులకుఁ జేతనగు పని యేమి? కూలి పెంచుట మనవలనఁ గాదు, నూలివెల దించుట మనవలనఁ గాదు. అర్థము చెప్పుట మనపని. దానినైన సరిగాఁ జేయుదము. సూర్యరాయాంధ్రమునకు ననుబంధ మొకటి కావలెను. అందు వస్త్రవిశేషము, సాధనవిశేషము అను మాటలను నిషేధింపవలెను. 1971 నాఁటి పదకోశమును ముందిడుకొని, ఉప్పాడ, వేంకటగిరి, మంగళగిరి, ధర్మవరము, గద్వాల, నారాయణపేట, పుట్టపాక, పొందూరు మొదలగుచోట్లకుఁ బోయి, ప్రతిపదమునకును వస్తువును జూచి, పనిని జూచి వ్రాయవలెను. నామవాచకములతోఁ దృప్తి పడరాదు. ఏకు, వడకు, తోడు, అతుకు, సాఁచు మొదలగు క్రియలయందే యీ వృత్తి యున్నది. తెలంగాణమాట, కోస్తామాట, రాయలసీమమాట వేఱైనప్పుడు మూఁటిని నీయవలెను. ఒకటి శిష్టమని తక్కినవానిని గుండలీకరణములలోఁ బెట్టరాదు. చెప్పినవారి పేరు వారి యనుమతితో నచ్చటనే వ్రాయవలెను. కావ్యప్రయోగమునకుఁ గవిపేరు వ్రాయుటలేదా?

మచ్చునకు నేను సిద్ధపఱచిన యొక పద మిది. ఆసు: దేశ్యము, నామవాచకము. 1. పడుగుపోగులను లెక్కప్రకారము పొడవుగాఁ జేర్చుటకు నిలిపిన గుంజల సాధనము. దాని నడుమఁ గండెను బట్టుకొని యిటునటు నడతురు, కావుననే ఆసులోఁ గండె యను సామెత. 2. (పోచంపల్లి, పుట్టపాక ప్రాంతములు) చిటికి కట్టుటకు ముందు పేకనూలును మేకులచుట్టు నర్ధచంద్రాకృతిగాఁ జుట్టుట. ఆ చుట్టు పలక. ఆసు పోయు: ఆ విధముగాఁ జుట్టు; 1999 వఱకుఁ గేవలము చేతితో, పిదప యంత్రముతోను. ఇందు రెండవ యర్థమున గుంజల సంఖ్యయు, మేకుల వరుసయు నింకను నిర్ణయింపవలసియున్నవి. ఆ ప్రాంతపు చదువరులు తమ యూరి కొలతలను వ్రాసి పంపినచో వచ్చు సంచికలోఁ జేర్పఁగలను.